కప్పుకు ఎక్కని మొహం

మొదటి కప్పు మిషన్‌లోంచి తీసి, పూర్తిగా చల్లారకముందే కాగితం ఊడబీకి చూసినప్పుడు నాకు భయమేమీ వేయలేదు. చిరాకు వేసింది. నంది వచ్చింది. నంది మెడలో గంటల గొలుసు వచ్చింది. ముందు వరసలో ఆదినారాయణ మామ కుర్చీలో కాలు మీద కాలేసుకుని దర్జాగా వచ్చాడు. మిగతా వాళ్ళందరూ ఎవరి పళ్ళు వాళ్ళు చూపిస్తూ వచ్చారు. నంది మూపురం పక్కన నిలబడ్డ మా తమ్ముడు కిరణ్‌కు మాత్రం చొక్కా ఉంది, మెడ ఉంది, మెడ మీద ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టు తెల్లటి మచ్చ ఉంది. పైన కొంచెం జుట్టు, పక్కన కొంచెం చెవి. మొహం లేదు.

ఇలాంటివి నా పనిలో మామూలే. నంద్యాలలో సంజీవనగర్ గేటు దగ్గర నాకో చిన్న షాపు ఉంది. పెళ్ళిరోజులకీ పుట్టినరోజులకీ జనం ఫోటోలు ఇస్తారు, నేను వాటిని కప్పుల మీద వేసిస్తాను. చెప్పుకోవడానికి తేలిక పనే. ఫోటోను వేరే రకం ఇంకుతో కాగితం మీద తిరగేసి ప్రింటు తీయాలి. ఆ కాగితాన్ని కప్పు చుట్టూ బిగించి టేపు వేయాలి. కప్పును మిషన్‌లో పెట్టి లీవరు నొక్కాలి. లోపల గుండ్రంగా వంగిన వేడి పట్టీ ఒకటి కప్పును గట్టిగా వాటేసుకుంటుంది. పట్టీకి ఇంకు అంటకుండా దాని మీద గోధుమరంగు టెఫ్లాన్ గుడ్డ పరిచి, అంచులకు టేపు వేసి ఉంచుతాను. నూట ఎనభై డిగ్రీల వేడికి కాగితం మీది ఇంకు ఆవిరై కప్పు పూతలోకి దిగుతుంది. దిగితే బొమ్మ, దిగకపోతే తిట్లు. వేడి తక్కువైతే పాలిపోతుంది, ఎక్కువైతే మాడిన దోసె రంగుకొస్తుంది, పట్టు చాలకపోతే మసకబారుతుంది, కాగితానికి చెమ్మ తగిలితే మచ్చలు పడతాయి. వీటితోనే నా కాపురం. కాగితం ఎక్కడో ముడత పడిందనుకుని ఇంకో కప్పు పెట్టాను.

రెండోదీ అంతే. అదే చోటు, అదే మొహం.

ఆ ఫోటో సంగతి చెప్పాలి. ఆళ్ళగడ్డలో ఆదినారాయణ మామకు శిల్పాల షెడ్డు ఉంది. మీసాలు రాకముందు నుంచీ కిరణ్ అక్కడే పని. ఈసారి వెలుగోడు వైపు ఒక గుడికి పెద్ద నందిని చెక్కారు. అది పూర్తయిన రోజు అందరూ మొహాలు రుద్ది రుద్ది కడుక్కుని, ఉతికిన చొక్కాలు వేసుకుని ఫోటో దిగారు. ఆ షెడ్డులో ఇది మామూలు విషయం కాదు. ఎప్పుడు వెళ్ళినా వాళ్ళు రాతిపొడి కొట్టుకుని, ముగ్గుపిండి బస్తాలోంచి లేచొచ్చినట్టు ఉంటారు. కిరణ్‌ని వాడి పెళ్ళాం వినీత కూడా నడకను బట్టే గుర్తుపడుతుందని నేను ఏడిపిస్తుంటాను. నందిని లారీ ఎక్కించే రోజు పనివాళ్ళందరికీ తలా ఒక కప్పు ఇవ్వాలని మామ ముచ్చట. ఫోటో నా ఫోనుకు పంపి, కప్పు చుట్టూతా రావాలి, ఒక్కరు కూడా తెగకూడదు అని మరీ మరీ చెప్పాడు.

దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి సైజు సరిచూసుకున్నాను. రంగుల జోలికి పోలేదు. నా మానిటర్ పాతది, దాంట్లో పెళ్ళికూతురు కూడా నీలంగానే కనిపిస్తుంది. ఫోనులో మొహాలు గింజంత, ప్రింటు కాగితం మీద రంగులు వెలిసిపోయి ఉంటాయి. అందుకే నేను తెరను నమ్మను, కప్పునే నమ్ముతాను.

ఇక కిరణ్ దగ్గు. ఎండాకాలంలో మొదలైంది, వానలొచ్చినా పోలేదు. ఉలితో కొట్టే రోజుల్లో రాతిపొడి కాళ్ళ దగ్గర పడేదట. కట్టర్ మిషన్లు వచ్చాక అది గాల్లోనే ఉంటోంది. మూతికి గుడ్డ కట్టుకోరా అంటే ఊపిరాడదంటాడు. నేనే నంద్యాలలో డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన ఎక్స్‌రే రెండుసార్లు చూశాడు. కర్నూలు వెళ్ళి ఊపిరితిత్తులకు స్కాన్ తీయించుకోమన్నాడు, ఆలస్యం చేయొద్దన్నాడు. కిరణ్ నంది పేరు చెప్పి తప్పించుకుంటూ వచ్చాడు. దసరాకు నా షాపుకు వచ్చినప్పుడు మాత్రం హుషారుగానే ఉన్నాడు. మిషన్‌కు పూజ తనే చేశాడు, బూరెలు తిన్నాడు, తాంబూలం నమిలి మూతంతా ఎర్రగా చేసుకున్నాడు. అది చూసి నేనూ కొంచెం ధైర్యపడ్డాను. ఇప్పుడు నంది పూర్తయింది, సాకు అయిపోయింది. శుక్రవారం కర్నూలు పోదామని ఒప్పించాను. ఒప్పించడానికి వాడిని ఏమేం తిట్టానో ఇక్కడ రాస్తే బాగుండదు.

సోమవారం మామ కట్టర్ బ్లేడ్ల కోసం నంద్యాల వచ్చి షాపులోకి తొంగిచూశాడు. నేను ఫోనులో ఒక పెళ్ళివాళ్ళతో తగువులో ఉన్నాను. ఆయన కౌంటరు మీదున్న కప్పు తీసుకుని తన మొహం చూసుకున్నాడు, కుర్చీ చూసుకున్నాడు, మురిసిపోయాడు. కళ్ళజోడు లేదు. షెడ్డులో చూపిస్తానని సైగ చేసి, కప్పును బ్లేడ్ల సంచిలో వేసుకుని నడిచాడు. నేను ఫోను పెట్టేసి రోడ్డు మీదికి పరిగెత్తేసరికి ఆటో కదిలిపోయింది. ఆ పెళ్ళివాళ్ళను ఇప్పటికీ క్షమించలేదు.

సాయంత్రం వినీత ఫోను చేసింది. కప్పు షెడ్డులో చేతులు మారిందట. మొదట అందరూ నవ్వారట, నీకు దిష్టి తగలకుండా మీ అక్క నీ మొహం దాచిపెట్టిందిరా అన్నారట. కిరణ్‌కు అప్పుడే దగ్గు తెర వచ్చి, గోడ పట్టుకుని వంగిపోయాడట. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదట. కప్పును బల్ల మీద పెట్టేసి ఎవరి పనికి వాళ్ళు పోయారట. ఇది చెప్పి వినీత ఏడ్చింది. ఫోను వాడికివ్వమన్నాను.

"శుక్రవారం నేను యాడికీ రాను," అన్నాడు కిరణ్.

ఏమొచ్చిందిరా అని అడిగాను. నిదానంగా చెప్పాడు.

"మొహం పోయిన రాయిని మేమేం జేస్తామో నీకు తెలీదా అక్కా. కాలిరిగితే అతుకుతాం. చెయ్యిరిగితే అతుకుతాం. మొహం పోతే మాత్రం షెడ్డెనక పారేస్తాం. దాని మీద మల్ల ఉలి పెట్టం. నన్ను ఆస్పత్రుల ఎంట తిప్పేదెందుకు, ఊరికే."

అది నాకు తెలుసు. ఆ షెడ్డు వెనక ముళ్ళకంపలో మొహాలు లేని దేవుళ్ళు పడి ఉంటారు. చిన్నప్పుడు మేం వాటి మీద ఎక్కి ఆడుకున్నాం. అయినా నాకు ఒళ్ళు మండింది. కప్పు మీద ఇంకు ఎక్కకపోతే దానికీ నీ ఊపిరితిత్తులకూ ఏం సంబంధం రా, అది మిషన్ తప్పు, చదువుకున్నావు కదా పదో తరగతి దాకా అని అరిచాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి మారింది. ఆ దగ్గు ఎంతసేపటికీ ఆగలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాను.

"సరే," అన్నాడు చివరికి, ఊపిరి తీసుకుంటూ. "మిషన్ తప్పే అంటాండావు గదా. నా మొహం తెచ్చి నా చేతిలో పెట్టు. అప్పుడొస్తా."

కిరణ్ ఒకసారి మాటంటే అన్నట్టే. వస్తానంటే వస్తాడు, రానంటే దేవుడు దిగొచ్చినా రాడు. వాడి కర్నూలు ప్రయాణం అలా ఒక చాయ్ కప్పు మీద ఆగింది.

మంగళవారం షాపు తీస్తూనే మొదలుపెట్టాను. వేరే ఆర్డర్లన్నీ పక్కన పడేశాను. ముందు వేడి పెంచాను. కప్పంతా గోధుమరంగుకు తిరిగింది. మామ తెల్లచొక్కా టీలో ముంచినట్టయింది, కిరణ్ మచ్చ తెల్లగానే ఉంది. వేడి తగ్గించి ఎక్కువసేపు ఉంచాను. నంది అంచులు చెదిరాయి, మచ్చ చెదరలేదు. కార్తీకమాసపు ముసురుకు కాగితాలు చెమ్మ పీల్చాయేమోనని వాటిని ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టాను. ప్రింటర్ మూతి శుభ్రం చేశాను. స్టెబిలైజర్ మార్చాను. లీవరు మర బిగించి పట్టు పెంచితే ఒక కప్పు లోపలే పగిలింది. టెఫ్లాన్ గుడ్డను తుడిచి తుడిచి అద్దం చేశాను. ఒక్కొక్కసారీ కాగితం ఊడదీసేటప్పుడు, పరీక్ష నంబరు వెతుక్కుంటున్నట్టు గుండె కొట్టుకునేది. ఒక్కొక్కసారీ అందరూ ఉండేవాళ్ళు, వాడు ఉండేవాడు కాదు.

అప్పుడు కప్పుల మీద అనుమానం వచ్చింది. పూత సరిగ్గా లేని కప్పు మీద ఏ ఇంకూ నిలవదు. నాకు కప్పులు ఇచ్చేది మా సందు చివర గాజుసామాను కొట్టు రఫీక్ అన్న. ఆయన మీదికి యుద్ధానికి వెళ్ళాను. నాసిరకం సరుకు అంటగట్టావని కొట్టులో నలుగురి ముందూ అనేశాను. ఆయన గొడవ పడే మనిషి కాదు. కొత్త అట్టపెట్టె నా ఎదురుగానే కోసి, వేరే కంపెనీ కప్పులు కూడా రెండు తీసుకుని, కొట్టు వాళ్ళమ్మాయి నిలోఫర్‌కు అప్పజెప్పి నా వెంట వచ్చాడు. మిషన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మూడు కప్పులూ ఆయన కళ్ళముందే తీశాను. మూడింటి మీదా మచ్చ ఉంది, అదే చోట.

రఫీక్ అన్న ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. పూత గురించి ఏదో చెబుతాడనుకున్నాను, కరెంటు గురించి చెబుతాడనుకున్నాను. ఆయన గొంతు తగ్గించి, తమ్మున్ని ఒకసారి దర్గాకు తీసుకపోమన్నాడు. తాయెత్తు కట్టిస్తే మంచిదన్నాడు.

నాకు భయం మొదలైంది అప్పుడే. నేను ఇలాంటివి నమ్మను. పిల్లి ఎదురొస్తే పిల్లికే అపశకునం అనుకునే రకాన్ని. కానీ నలభై ఏళ్ళుగా లెక్కలూ సరుకూ తప్ప వేరే మాట ఎత్తని మనిషి నా మిషన్ ముందు గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆయన వెళ్ళిపోయాక మిషన్ వైపు చూడాలంటే నాకు చేతకాలేదు. దానికేదో తెలుసనీ, నాకు చెప్పడం లేదనీ అనిపించింది. ఆ మాట పైకి అనుకోవడానికి కూడా సిగ్గేసింది.

బుధవారం దొంగదారి తొక్కాను. ఫోటోలో కిరణ్ మొహం ఒక్కటే బాగా నల్లగా చేసి ప్రింటు తీశాను, ఎంత తుడుచుకుపోయినా ఎంతో కొంత మిగులుతుంది కదా అని. మిగిలింది. మధ్యలో తెలుపు, చుట్టూ నల్లటి వలయం, ఎవరో కొట్టిన దెబ్బకు కమిలినట్టు. దాన్ని తీసుకెళ్ళి వాడికిస్తే నన్ను ఓదార్చడానికైనా బాగుందనేవాడు. ఆ కప్పును నేలకేసి కొట్టాను. ముక్కలు ఊడ్చుకుంటూ, మా తమ్ముడు చచ్చిపోతాడా అని మొదటిసారి మాటల్లో అనుకున్నాను. అనుకున్నాక చీపురు పక్కన పెట్టి నేల మీదే కూర్చుండిపోయాను.

గురువారం పొద్దున వినీత మళ్ళీ ఫోను చేసింది. వాడు షెడ్డుకు కూడా పోలేదట, గోడవైపు తిరిగి పడుకున్నాడట. రేపటి సంగతి ఎత్తితే విననట్టే ఉన్నాడట. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఆమెకు ధైర్యం చెబుతూ, నాకే లేని ధైర్యం, ఇంకో కప్పుకు కాగితం చుట్టి మిషన్‌లో పెట్టేశాను. లీవరు నొక్కాను. పెట్టేటప్పుడు చూసుకోలేదు. మిషన్ కూత వేశాక తెరిస్తే కప్పు తలకిందులుగా ఉంది. పిడి మిషన్ నోటి సందులోనే ఉంది కాబట్టి పట్టీ మామూలుగానే పట్టుకుంది. ఎలాగూ పాడైందే కదా అనుకుంటూ కాగితం లాగాను.

కిరణ్ ఉన్నాడు. ఆదినారాయణ మామ లేడు.

కుర్చీ ఉంది, కాలు మీద కాలు ఉంది, కండువా ఉంది. కండువా పైన తెల్లటి మచ్చ. ఇంకొకరి మొహం పోయినందుకు అంత సంతోషం నా జన్మలో పడలేదు. వినీతా, ఆదినారాయణ మామ మొహం పోయింది, మామ మొహం పోయిందే అని ఫోనులో అరిచాను. ఆ పిల్ల ఏమనుకుందో ఏమో, భయపడి పెట్టేసింది.

కప్పు తిరగబడితే మచ్చ కూడా ఇటు నుంచి అటుకు, పై నుంచి కిందికి జరిగింది. అంటే మచ్చ ఫోటోలో లేదు, కప్పులో లేదు, కిరణ్ నుదుటి మీద అసలే లేదు. పట్టీలో ఉంది. మిషన్ స్విచ్ ఆపాను. చల్లారేదాకా ఆగే ఓపిక లేక, చేతికి గుడ్డ చుట్టుకుని టెఫ్లాన్ గుడ్డ అంచుల టేపు పీకి పైకెత్తాను.

గుడ్డ కింద, పట్టీ మీద, నడిమికి కొంచెం పక్కగా ఒక బొట్టు ఉంది. గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టి, ఆ తడిలో ఒక అక్షింత అద్దిన బొట్టు. గంధం వేడికి గట్టిపడి పెంకు కట్టింది. కుంకుమ నల్లబడింది. బియ్యపు గింజ వేగి మరమరం అయ్యింది. పట్టీ మెత్తనిది కాబట్టి పైన గుడ్డ తుడిచేటప్పుడు గింజ చేతికి తగల్లేదు. లీవరు నొక్కితే మాత్రం ఆ గింజ కప్పుకూ పట్టీకీ మధ్య చిన్న సందు పెట్టింది. ఆ సందులో వేడి కప్పుకు ఆనలేదు. దసరా తర్వాత వచ్చిన ఆర్డర్లన్నీ ఇటు పక్క ఫోటో, అటు పక్క పేరు. పిడికి ఎదురుగా ఉండే నడిమి భాగం ఎప్పుడూ ఖాళీ. అందుకే ఇన్నాళ్ళూ బయటపడలేదు.

ఆ బొట్టు ఎవరిదో నన్ను అడగక్కర్లేదు. దసరా రోజు మిషన్ మూత మీద నేను పసుపూ కుంకుమా పెడుతుంటే కిరణ్ నన్ను చూసి నవ్వాడు. వాళ్ళ షెడ్డులో ఆయుధపూజకు ఉలి తలకు బొట్టు పెట్టరు, సుత్తి దెబ్బలు తినే చోటుకు బొట్టెందుకంటారు. రాతిని తాకే మొనకు పెడతారు. మొన ఎంత చిన్నదైనా సరే, దానికే గంధం, దానికే కుంకుమ, దానికే అక్షింత.

"నువ్వు దీని ఈపుకు పెడ్తాండావ్ బొట్టు," అన్నాడు ఆరోజు. "పని జేసేది యాడుందో ఆడ పెట్టాల."

నేను బూరెల మూకుడు మాడుతుందని షాపు వెనక వంటింట్లోకి పరిగెత్తాను. వాడు ఆ టెఫ్లాన్ గుడ్డ ఎత్తి, పని చేసే చోటు వెతికి, చెయ్యి ఇరుకులో పెట్టి, జాగ్రత్తగా బొట్టు పెట్టి, మళ్ళీ గుడ్డ సర్ది టేపు అంటించి ఉంటాడు. నా షాపు బాగా నడవాలని. ఊపిరి కూడా సరిగ్గా ఆడని వాడు నా మిషన్ కోసం దండం పెట్టుకుని ఉంటాడు. నేను ఆ వేగిన బియ్యపు గింజను అరచేతిలో పెట్టుకుని, షట్టరు సగం దించుకుని ఏడ్చాను. ఎంత ఏడ్చానో అంత తేలికపడ్డాను.

పెంకును గోటితో లేపి, గింజతో సహా కాగితంలో పొట్లం కట్టి సంచిలో వేసుకున్నాను. పట్టీ తుడిచి, కొత్త గుడ్డ పరిచి, మంచి కప్పు ఏరి పెట్టాను. ఈసారి కాగితం లాగితే అందరూ ఉన్నారు. నంది మూపురం పక్కన కిరణ్, కళ్ళు, ముక్కు, మూతి, అన్నీ ఉన్నాయి. అంతకంటే చూడలేదు. వేడి కప్పును తువ్వాల్లో చుట్టుకుని, షట్టరు వేసి బస్టాండుకు పరిగెత్తాను. దారిలో రఫీక్ అన్నకు కనబడి, నీ కప్పులు బంగారం అని అరిచి మరీ వెళ్ళాను.

ఆళ్ళగడ్డ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. శిరివెళ్ళ దాటాక ముసురు విడిచి ఎండ వచ్చింది. వాడికి ఇచ్చేముందు ఒకసారి నేను కరువుతీరా చూసుకుందామని తువ్వాలు విప్పాను.

కిరణ్ పెదాలు నీలంగా ఉన్నాయి.

మొదట నా చెయ్యి అలవాటు ప్రకారం ఆలోచించింది. నీలం ఇంకు ఎక్కువ దిగింది, నలుపుకు వేడి చాల్లేదు, షాపుకెళ్ళాక రంగులు సరిచేయాలి. కప్పు తిప్పాను. మామ పెదాలు వక్కపొడికి నల్లగా ఉన్నాయి. పక్కనున్న కుర్రాడివి మామూలుగా ఉన్నాయి. వెనక వరసలో అందరివీ ఎవరి రంగులో వాళ్ళవి ఉన్నాయి. నంది మెడలో పూలదండ ఎర్రగా ఉంది. వీడి పెదాలు ఒక్కటే నేరేడుపండు తిన్నట్టున్నాయి. గోళ్ళు కనబడేలా మూపురం మీద చెయ్యి వేశాడు, ఆ గోళ్ళూ అంతే. నోరు కొంచెం తెరిచి ఉంది. నవ్వుతున్నాడనుకున్నాను ఇన్నాళ్ళూ. నవ్వడం లేదు, ఊపిరి పీలుస్తున్నాడు.

వాడిని ఎప్పుడు చూసినా రాతిపొడి కింద చూశాం, లేకపోతే తాంబూలం ఎరుపు కింద చూశాం. వినీత రోజూ చూస్తుంది కాబట్టి రోజురోజుకూ మారేది ఆమెకు కనబడదు. ఆ ఒక్క రోజు మొహం కడుక్కుని ఫోటోకు నిలబడ్డాడు. ఆ మొహాన్ని వాడి బొట్టే కప్పేసింది. ఈ కప్పు చూపించకపోతే రేపు రాడు. చూపిస్తే తనని తాను చూసుకుంటాడు. మిగతా దారంతా ఆ కప్పును ఒళ్ళో పెట్టుకుని, ఏం చెయ్యాలో తోచక కూర్చున్నాను.

కిరణ్ అరుగు మీద మంచంలో ఉన్నాడు. నన్ను చూసి లేచి కూర్చున్నాడు. వినీత నీళ్ళిచ్చింది. నేను ముందు పొట్లం విప్పి వాడి అరచేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను, తలకిందుల కప్పు, మామ మొహం, గుడ్డ కింద బొట్టు. మామ మొహం పోయిందనేసరికి వినీత కూడా నవ్వింది. కిరణ్ ఆ గింజను వేలితో దొర్లించి దొర్లించి చూశాడు.

"అయితే నేను పెట్టిన బొట్టే నన్ను మింగిందా," అని మొదటిసారి పాత కిరణ్‌లా నవ్వాడు. "యాడుంది కప్పు, చూపియ్."

ఇచ్చాను. ఇవ్వక ఏం చెయ్యను.

వాడు మొహాలు చెక్కేవాడు. మనం ఫోటో చూసినట్టు చూడడు. నుదురు చూశాడు, కళ్ళు చూశాడు, ముక్కు దూలం మీదుగా కిందికి దిగాడు. అక్కడ ఆగాడు. బొటనవేలితో కప్పు మీది తన పెదాలను రుద్దాడు, రాతి మీద పొడి తుడిచినట్టు. మళ్ళీ రుద్దాడు. కప్పును నెమ్మదిగా తిప్పి అందరినీ చూసి, మళ్ళీ తన దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నా ఒక్కనికే పెదాలు నీలంగా వచ్చినాయేంది?"

వినీత వంగి కప్పులోకి చూసింది. తర్వాత తలెత్తి వాడి మొహంలోకి చూసింది. ఆ రోజు షెడ్డుకు పోలేదు కాబట్టి మొహం మీద పొడి లేదు. ఆ పిల్ల అలా చూస్తూనే ఉండిపోయింది.

"ఇంకు ఎక్కువైందేమో," అన్నాడు కిరణ్. నా వైపు చూశాడు. "మిషన్లో ఇంకేమన్నా ఉందేమో చూస్కో."

వాడు అడుగుతున్నది నాకు తెలుసు. ఒక్క అబద్ధం అడుగుతున్నాడు. నేను రోజుకు పది మంది గిరాకీలకు చెప్పేదే, కొంచెం ఇంకు తేడా, రేపు సరిచేసిస్తాను అని. నాలుక చివరిదాకా వచ్చింది. నాకు వాడి మీద ఉన్న ప్రేమంతా ఆ అబద్ధం చెప్పమనే అంది.

"మిషన్‌లో ఇంక తప్పేం లేదురా," అన్నాను.

షెడ్డు వైపు నుంచి కట్టర్ మోత వినబడుతోంది. కిరణ్ కప్పును మంచం మీద పెట్టలేదు, రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. కాసేపటికి వినీతను పిలిచి, డాక్టరు రాసిచ్చిన కాగితాలు యాడ పెట్టినావో తీసి పెట్టుకో అన్నాడు.

"పొద్దున కర్నూలు బస్సు ఎన్నింటికక్కా?" అని నన్ను అడిగాడు.